ముసురును మింగేస్తున్న పక్కిల్లు: వర్షమాపకం ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది హైదరాబాదు నాగోలులో 200 గజాల స్థలంలో కట్టిన తూర్పు ముఖం ఇల్లు. కింద ఒక వాటా, పైన ఒక వాటా, ఆపైన డాబా. వాన లెక్క రాసుకుందామని జూన్‌లో 4 అంగుళాల మూతి ఉన్న ప్లాస్టిక్ వర్షమాపకం కొని, డాబా పడమటి పిట్టగోడ మీద క్లాంపుతో బిగించాం. సాయంత్రం పూట ఉరుములతో దంచికొట్టే వానకు మా లెక్క, కిలోమీటరు లోపు ఉన్న ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం లెక్క ఇంచుమించు కలుస్తున్నాయి. ముసురు పట్టినప్పుడు మాత్రం మాది బాగా తగ్గుతోంది. మొన్న అక్కడ 17 మిల్లీమీటర్లు అయితే మాకు 11 వచ్చింది. వర్షమాపకం నేలకు అడుగు ఎత్తులో ఉండాలని చదివాం. పెరట్లో మునగ చెట్టు పక్కన అయిదడుగుల సందు ఉంది, అక్కడికి మార్చమంటారా? లేదా పోర్టికో మీద పెట్టాలా? డాబా తూర్పు పడమరలు 38 అడుగులు, ఉత్తర దక్షిణాలు 28 అడుగులు, పిట్టగోడ 3 అడుగులు. నైరుతి మూలన పదడుగుల చదరపు మెట్ల గది, దాని మీద ట్యాంకు, మొత్తం డాబా నేల నుంచి 14 అడుగులు. పడమటి పక్కిల్లు మా గోడకు 10 అడుగుల దూరం, మా డాబా కంటే 19 అడుగులు ఎత్తు. ఉత్తరం, దక్షిణం ఇళ్లు మా అంతే. తూర్పున రోడ్డు. ఇంకో మాట: మా అబ్బాయి ఆటోమేటిక్ వాతావరణ యంత్రం పంపుతానంటున్నాడు. దాన్నెక్కడ పెట్టాలి?
— ఒక పాఠకురాలు, నాగోలు

జవాబు: పెరటి సందు వద్దు, పోర్టికో వద్దు, ఇప్పుడున్న పిట్టగోడా వద్దు. డాబా మీదే ఈశాన్యం వైపు, తూర్పు పిట్టగోడకు 8 అడుగులు, ఉత్తరపు పిట్టగోడకు 8 అడుగులు లోపలికి, మూతి అంచు డాబా నేలకు 3 అడుగుల ఎత్తులో ఉండేలా నిలబెట్టండి. మీరు కొలతలన్నీ రాసి పంపారు కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాం. రేపు పక్కన ఇంకో అంతస్తు లేస్తే ఈ లెక్క మీరే మళ్లీ వేసుకోవాల్సి వస్తుంది, అందుకని వివరంగానే చెబుతాం.

ముందు ఆ 17, 11 సంగతి. మీ వర్షమాపకం చెడిపోలేదు. చెడిపోతే దంచికొట్టిన వానకూ తక్కువే చూపేది. ముసురుకు తగ్గి, గట్టి వానకు సరిపోతోందంటే తప్పు చోటుది. చినుకు సైజును బట్టి అది కిందికి దిగే వేగం మారుతుంది. అర మిల్లీమీటరు తుంపర చినుకు సెకనుకు సుమారు 2 మీటర్లు దిగుతుంది. ఒక మిల్లీమీటరు చినుకు 4 మీటర్లు, 3 మిల్లీమీటర్ల లావు చినుకు 8 మీటర్లు. పడమటి నుంచి సెకనుకు 2 మీటర్ల గాలి వీస్తోందనుకోండి. అంటే గంటకు 7 కిలోమీటర్లు, చెట్టు ఆకులు కదిలేంత గాలి. అందులో తుంపర చినుకు ఎంత కిందికి దిగుతుందో అంత పక్కకు జరుగుతుంది, అంటే 45 డిగ్రీల ఏటవాలుగా పడుతుంది. మీ పక్కిల్లు మీ వర్షమాపకం మూతి కంటే దాదాపు 16 అడుగులు ఎత్తు. కాబట్టి ఆ తుంపర ఆ ఇంటిని దాటి 16 అడుగుల అవతల గానీ మూతి మట్టానికి దిగదు. మీ పిట్టగోడ 10 అడుగుల్లోనే ఉంది. ఎండకు నీడ ఉన్నట్టే వానకూ నీడ ఉంటుంది. మీ వర్షమాపకం ఆ నీడలో కూర్చుంది. అదే గాలిలో 3 మిల్లీమీటర్ల చినుకుకు ఈ నీడ 4 అడుగులే. అందుకే పెద్ద వాన మీకు పూర్తిగా అందింది.

ఉరుముల వానకు ముందు వచ్చే ఈదురుగాలి లెక్క వేరనుకోండి, అప్పుడు లావు చినుకులు కూడా అడ్డంగా కొడతాయి. కానీ ఆ జోరు కాసేపే. అసలు వాన చాలా మటుకు గాలి తగ్గాకే పడుతుంది. ముసురుకు ఆ వెసులుబాటు లేదు, రోజంతా ఒకే దిక్కు గాలి.

వాతావరణ పరిశీలకులు పాటించే నియమం ఇక్కడి నుంచే అర్థమవుతుంది. చుట్టూ ఉన్న ప్రతి అడ్డం వర్షమాపకం మూతి అంచు కంటే ఎంత ఎత్తు ఉందో, కనీసం దానికి రెట్టింపు దూరంలో ఉండాలి. నాలుగు రెట్లు ఉంటే ఇంకా మేలు, కానీ హైదరాబాదులో నాలుగు రెట్లు దొరికే ఇల్లు ఉంటే అది ఫాంహౌస్ అయి ఉంటుంది. ఎత్తు కొలిచేది నేల నుంచి కాదు, మూతి అంచు నుంచి. ఈ ఒక్క చోటే చాలామంది పొరబడతారు.

మీ డాబా మీద లెక్క వేద్దాం. మూతి 3 అడుగుల ఎత్తున ఉంటే పక్కిల్లు దానికి 16 అడుగులు పైన ఉంటుంది, 32 అడుగుల దూరం కావాలి. మేం చెప్పిన చోటు మీ పడమటి గోడకు 30 అడుగులు, సందు 10 కలిపితే 40. సరిపోయింది. ట్యాంకు మూతికి 11 అడుగులు పైన ఉంది, 22 అడుగులు కావాలి. మెట్ల గది దగ్గరి మూల నుంచి టేపు పట్టి చూడండి, 22 అడుగులకు నాలుగైదు అంగుళాలు ఎక్కువే వస్తుంది. ట్యాంకు గది మధ్యలో ఉంటే ఇంకా దూరమే. పిట్టగోడ మూతితో సమానం కాబట్టి అది నీడ పట్టదు.

టేపు అందని చోట పిడికిలి చాలు. వర్షమాపకం పెట్టే చోట కళ్లు మూతి ఎత్తుకు వచ్చేలా కూర్చుని, చేతిని బారుగా చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి సుమారు 10 డిగ్రీలు కప్పుతుంది. కంటి మట్టం నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ పోతే, ఏ దిక్కునైనా అడ్డం రెండున్నర పిడికిళ్ల లోపు ముగియాలి. రెట్టింపు దూరం అంటే 26 డిగ్రీల చిల్లర, లెక్క అదే.

ఇక్కడో తమాషా ఉంది. మన ఇళ్లలో వాస్తు ప్రకారం బరువంతా నైరుతిలో పెడతాం. మెట్ల గది, ట్యాంకు అన్నీ ఆ మూలకే చేరతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన వాన గాలి వచ్చేదీ ఆ నైరుతి, పడమర నుంచే. అంటే ఊరంతటా ట్యాంకులు వానకు ఎదురొడ్డి నిలబడి ఉన్నాయి. అదే వాస్తు ఈశాన్యాన్ని ఖాళీగా, పల్లంగా ఉంచమంటుంది. వాస్తు మీద నమ్మకం ఉన్నా లేకపోయినా వర్షమాపకానికి ఆ ఖాళీ కలిసొచ్చింది. అయితే నేరుగా ఈశాన్యపు మూలకు తీసుకెళ్లి పిట్టగోడకు ఆనించకండి. చిత్త, స్వాతి కార్తెల నాటికి గాలి తూర్పు, ఈశాన్యాలకు తిరుగుతుంది. అప్పుడు ఆ గోడ మీద గాలి ఎగదన్నుతుంది. ఎనిమిదడుగులు లోపలికి అన్నది అందుకే.

ఎగదన్నడం అంటే ఏమిటో చెప్పాలి, పిట్టగోడ మీద వర్షమాపకాలు పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి. గాలి ఇంటి గోడకు కొట్టుకుని పైకి లేస్తుంది, గోడ అంచు దాటేచోట వేగం పెరుగుతుంది. అక్కడున్న వర్షమాపకం మూతి మీదుగా చినుకులు దూసుకుపోతాయి తప్ప లోపల పడవు. గోడకు ఇవతల సుడి తిరుగుతుంది. అడ్డంకి లేని బయలులో కూడా వర్షమాపకం మూతే గాలిని కాస్త చెదరగొట్టి, మామూలుగా 2 నుంచి 10 శాతం వాన పోగొడుతుంది. పిట్టగోడ అంచున ఆ నష్టం ఇంకా పెరుగుతుంది, అదీ ముసురు వానలోనే ఎక్కువ. మీ పక్కిల్లు లేకపోయినా ఆ గోడ మీద మీకు లెక్క తగ్గే ఉండేది.

నేలకు అడుగు ఎత్తు అన్న నియమం తప్పు కాదు. మన వాతావరణ శాఖ ప్రామాణిక వర్షమాపకం మూతి నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తునే ఉంటుంది. నేల దగ్గర గాలి వేగం తక్కువ, నష్టం తక్కువ, అందుకు. కానీ అది చుట్టూ బయలున్న చోటుకు చెప్పిన మాట. మీ పెరటి సందు బావి లాంటిది. ఒక పక్క మీ ఇల్లే 23 అడుగులకు పైగా లేచి ఉంటుంది, దానికి 46 అడుగులకు పైగా దూరం కావాలి. ఉన్నది అయిదు. పైగా మునగ చెట్టు. చిన్న వానను ఆకులే పట్టేసుకుని ఆరిపోనిస్తాయి, పెద్ద వానలో కొమ్మ చివర కూడిన నీళ్లు ధార కడతాయి. ఒకరోజు సున్నా, ఒకరోజు రెట్టింపు. ఇలాంటి తప్పును ఏ లెక్కతోనూ సరిచేయలేం. 200 గజాల స్థలంలో ఇల్లు కట్టాక నేల మీద వర్షమాపకానికి చోటు మిగలదనే అనుకోండి. 

పోర్టికో సంగతి పొడవుగా చెప్పక్కర్లేదు. దాని వెనకే పై వాటా గోడ, అదీ సరిగ్గా పడమర వైపు. వానాకాలమంతా అది వాన నీడ. తూర్పు గాలి వచ్చిన రోజున గోడకు కొట్టిన వాన చిమ్మి లోపల పడుతుంది. సజ్జ మీద, బాల్కనీ రెయిలింగుకు, కిటికీ గ్రిల్లుకు పెట్టినవన్నీ ఇదే జాతి.

ఇక నిలబెట్టడం. స్లాబుకు డ్రిల్లు వేయకండి. వాన కొలవబోయి పై వాటా సీలింగులో చెమ్మ తెచ్చుకున్న ఇళ్లు ఉన్నాయి. 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్ తీసుకుని, మధ్యలో ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు నిలబెట్టి, సగం వరకు కాంక్రీటు పోయండి. డబ్బా సిమెంటు, రెండు డబ్బాల ఇసుక, నాలుగు డబ్బాల చిన్న కంకర చాలు. పది లీటర్ల కాంక్రీటు సుమారు 24 కిలోలు తూగుతుంది, మన గాలులకు కదలదు, ఇద్దరు పట్టుకుంటే జరపొచ్చు. పైపు నిటారుగా ఉందో లేదో రసమట్టంతో చూసి, ఇటుకలు ఆనించి ఒక రోజు వదిలేయండి. తర్వాత వారం రోజులు నీళ్లు పట్టండి. బకెట్‌లో మిగిలిన సగం ఖాళీని ఇసుకతో నింపి పైన పల్చగా సిమెంటు పూయండి, లేకపోతే అందులో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి.

వర్షమాపకాన్ని పైపు నెత్తిన పెట్టకుండా పక్కకు బిగించాలి. మూతి అంచు పైపు కొస కంటే నాలుగు అంగుళాలు పైకి ఉండాలి. పైపు కొస మీద పడ్డ చినుకు చిట్లి లోపల పడకుండా ఉండడానికి ఈ జాగ్రత్త. వీలైతే పైపు కొసను ఏటవాలుగా కోయించండి, లేదా గుండ్రటి మూత వేయండి.

అంతా అయ్యాక రసమట్టాన్ని మూతి అంచు మీద అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి చూడండి. బుడగ మధ్యలో ఉండదు! డాబాకు వాన నీళ్లు పోవడానికి మేస్త్రీ వాటం ఇచ్చి ఉంటాడు, బకెట్ ఆ వాటం మీదే వాలుతుంది. పల్లం వైపు టైల్ ముక్కలు తోసి సరిచేయండి. నిలువుగా పడే వానకు రెండు మూడు డిగ్రీల వాలు పెద్ద లెక్కలోకి రాదు. మీ ముసురు ఏటవాలుగా పడుతుంది కదా, 45 డిగ్రీల వానలో ఒక్క డిగ్రీ వాలుకే దాదాపు 2 శాతం తేడా వస్తుంది. వర్షమాపకం గాలి వైపు వాలితే ఎక్కువ, అటు తిరిగి వాలితే తక్కువ.

మూతి 3 అడుగులే ఎందుకు, అడుగు ఎత్తులో పెడితే గాలి ఇంకా తగ్గదా అని అడగొచ్చు. తగ్గుతుంది. కానీ కింద ఉన్నది గడ్డి కాదు, సిమెంటు. లావు చినుకు గట్టి నేల మీద చిట్లితే తుంపర అడుగు దాటి లేస్తుంది. అది లోపల పడితే పెద్ద వానలకు లెక్క ఉబ్బుతుంది. 3 అడుగులు దాటితే పిట్టగోడ చాటు పోయి గాలి తగులుతుంది. ఈ రెంటి మధ్య మీ డాబాకు కుదిరే ఎత్తు అది. బకెట్ చుట్టూ నాలుగడుగుల మేర ప్లాస్టిక్ గడ్డి చాపో, కొబ్బరి పీచు పట్టో పరిస్తే చిట్లడం ఇంకా తగ్గుతుంది. పరవకపోయినా 3 అడుగుల ఎత్తులో పెద్ద నష్టం లేదు.

డాబా మీద పైనుంచి కాకుండా వేరే దారిన వచ్చే నీళ్లను మరిచిపోతాం. బట్టల దండెం వర్షమాపకం మీదుగా పోతే వాన ఆగాక కూడా తీగ నుంచి చుక్కలు కారుతుంటాయి. ట్యాంకు నిండి పొంగితే ఆ పైపు ఎటు చిమ్ముతుందో చూడండి. మిద్దె తోట ఉంటే మొక్కలకు పైపు పట్టే మనిషికి ముందే చెప్పి పెట్టాలి. షేడ్‌నెట్ కింద అసలు పెట్టకండి. వాన పడని రోజు రెండు మిల్లీమీటర్లు కనిపిస్తే, వాతావరణ శాఖను అనుమానించే ముందు పనమ్మాయిని అడగండి.

పావురాలు మరో తంటా. మూతి అంచు మీద వాలి రెట్ట వేస్తాయి, గరాటు రంధ్రం మూసుకుపోతుంది. నీళ్లు గరాటులోనే నిలిచి ఎండకు ఆరిపోతాయి, లెక్క తగ్గుతుంది. అంచు చుట్టూ బయటి వైపు నాలుగైదు ప్లాస్టిక్ కేబుల్ టైలు, వాటి తోకలు పైకి లేచేలా కట్టండి. పిట్ట వాలదు. తోకలు మూతి మీదికి వంగకుండా చూసుకోవాలి. వేప ఆకులు, పక్కన కడుతున్న ఇంటి దుమ్ము వారానికోసారి కడిగితే పోతాయి. గరాటులో స్పాంజి, జాలీ గుడ్డ పెట్టకండి, ప్రతి వానలో కొంత అవే తాగేస్తాయి.

చోటు మార్చాక కొలత కూడా ఒకసారి సరిచూసుకోండి. 4 అంగుళాల మూతి అంటే వైశాల్యం 81 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరు వానకు 8.1 మిల్లీలీటర్ల నీళ్లు. మందుల షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజితో ఎనిమిది సార్లు నీళ్లు పోస్తే గీత 9.9 మిల్లీమీటర్ల దగ్గర నిలవాలి. అరకు మించి తేడా వస్తే ఆ గొట్టం మీద గీతలు సరిగా వేయలేదు. అప్పుడు గీతలు చూడ్డం మానేసి నీళ్లను కొలజాడీలో పోసి 8.1తో భాగించండి. నీటి మట్టం గొట్టం అంచుల్లో పైకి, మధ్యలో కిందికి వంగి కనిపిస్తుంది. మధ్య పల్లాన్నే చదవాలి, కన్ను ఆ మట్టానికి తెచ్చి.

చదివే వేళ ఉదయం 8:30. దేశమంతా వాతావరణ శాఖ ఆ గంటకే కొలుస్తుంది. మంగళవారం ఉదయం 8:30కి కొలిచింది మంగళవారం తేదీ కిందే రాస్తారు, అందులో ఎక్కువ భాగం సోమవారం సాయంత్రం పడ్డ వాన అయినా సరే. 2020 అక్టోబరు 13 రాత్రి నగరాన్ని ముంచిన వాన లెక్కల్లో 14వ తేదీ ఉదయం కొలతగా కనిపిస్తుంది. మీరు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి రాసుకుంటూ పోల్చి చూస్తే రోజుల వారీ తేడాలు వస్తూనే ఉంటాయి. ఆటోమేటిక్ కేంద్రాల అంకెలు తీసుకునేటప్పుడు అవి ఏ గంట నుంచి ఏ గంటకో చూసుకోండి. వాన పడని రోజు గడి ఖాళీగా వదలకుండా 0 వేయండి. ఆర్నెల్ల తర్వాత ఖాళీ గడి చూస్తే వాన లేదో, మీరు ఊళ్లో లేరో గుర్తుండదు. నేల తడిసినా గొట్టంలో కొలిచేంత లేకపోతే 'జల్లు' అని రాయండి.

కుంభవృష్టి రోజున గొట్టం పొంగుతుందేమో చూసుకోవాలి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన నమోదైంది. మీ వర్షమాపకం బయటి గొట్టం ఎంత పడుతుందో పెట్టె మీద ఉంటుంది. వాన జోరుగా ఉన్న రాత్రి పడుకునే ముందు ఒకసారి చదివి, రాసి, పారబోసి మళ్లీ పెట్టండి. ఉదయం రెండూ కూడితే చాలు. మెరుపులున్నప్పుడు మాత్రం డాబా ఎక్కకండి, లెక్క పోతే పోయింది.

మేం చెప్పిన చోటు మీద మీకు నమ్మకం కుదరాలంటే పోటీ పెట్టి చూడొచ్చు, పెద్ద ఖర్చేమీ లేదు. 6 అంగుళాల పీవీసీ పైపు నాలుగేసి అంగుళాల ముక్కలు రెండు కోయించి, కింద ప్లాస్టిక్ గరాటు అతికించి, 5 లీటర్ల నీళ్ల క్యాన్ మీద బిగించండి. వట్టి గరాటు వద్దు, లోతు తక్కువ కాబట్టి గట్టి వానలో చినుకు ఎగిరి బయట పడుతుంది. పైపు ముక్క నిలువు గోడ దాన్ని ఆపుతుంది. లోపలి వ్యాసం సెంటీమీటర్లలో కొలిచి, సగాన్ని సగంతో హెచ్చవేసి 3.14తో గుణిస్తే వైశాల్యం. పట్టిన నీళ్ల మిల్లీలీటర్లను 10తో హెచ్చవేసి ఆ వైశాల్యంతో భాగిస్తే మిల్లీమీటర్లు. ముందు మూడు నాలుగు వానలకు రెంటినీ పక్కపక్కనే ఉంచండి. రెండూ ఒకేలా పట్టాలి. అప్పుడు ఒకటి పాత పిట్టగోడ దగ్గర, ఒకటి కొత్త చోట పెట్టి నెల రోజుల మొత్తాలు పోల్చండి. ముసురు రోజులను, ఉరుముల వానలను విడివిడిగా కూడండి. రెండూ కలిపేస్తే అసలు తేడా మరుగున పడుతుంది. ఎక్కువ చూపిందే సరైనదని కూడా అనుకోకండి. గాలి, వాన నీడ లెక్కను తగ్గిస్తాయి, చిమ్మడం, కారడం పెంచుతాయి. పెరిగింది పెద్ద వానల్లోనే అయితే ఎక్కడో చిమ్ముతోందని అర్థం.

కిలోమీటరు దూరపు కేంద్రంతో రోజూ సరిపోవాలని ఆశించొద్దు. ఉప్పల్‌లో కుండపోత, నాగోలులో పొడి రోడ్డు మనకు తెలియని సంగతి కాదు. ఉరుముల వాన అలాగే ముక్కలు ముక్కలుగా పడుతుంది. పోల్చి చూడాల్సింది ముసురుతోనే, అది ఊరంతా దాదాపు ఒకేలా పడుతుంది. చోటు మార్చాక ముసురు లెక్క ఆ కేంద్రానికి పదో వంతు అటూ ఇటూగా వస్తే నిశ్చింతగా ఉండండి. చోటు మార్చిన తేదీ పుస్తకంలో రాసి, కింద గీత కొట్టండి. జూన్ నుంచి రాసిన ముసురు అంకెలను కొత్తవాటితో కలిపి మొత్తం వేయకండి, మనసొప్పక ఏదో శాతం పెంచి దిద్దుకోకండి.

ఇక మీ అబ్బాయి పంపే యంత్రం. గాలి వేగం చూసే చక్రం, వాన పట్టే గిన్నె ఒకే కడ్డీ మీద ఉండే రకం అయితే వద్దనండి. గాలి చక్రానికి ఎత్తు కావాలి, వాన గిన్నెకు గాలి తగలని చోటు కావాలి. రెంటినీ ఒకే చోట కట్టేస్తే ఒకదానికి అన్యాయం జరుగుతుంది, సాధారణంగా అది వానకే. వాన గిన్నె విడిగా వచ్చే రకం తీసుకుని, ఇదే బకెట్ పద్ధతిలో ప్లాస్టిక్ వర్షమాపకానికి నాలుగడుగుల పక్కన, అదే ఎత్తులో పెట్టండి. లోపల చిన్న తక్కెడ లాంటి గిన్నెలు ఒకటి నిండగానే ఒరిగి లెక్క వేస్తాయి. ఎక్కువ యంత్రాల్లో ఒక్కో ఒరుగుకు 0.2 లేదా 0.3 మిల్లీమీటర్లు. రసమట్టం చూడ్డం వీటికి ఇంకా ముఖ్యం, ఒక వైపు వాలితే ఒక గిన్నె త్వరగా, ఒకటి ఆలస్యంగా ఒరుగుతుంది. రేకుల షెడ్డు మీద, ఊగే కడ్డీ మీద పెడితే గాలికి కుదుపు తగిలి వాన లేకుండానే ఒరుగుతాయి. కుండపోతలో మాత్రం ఇవి తక్కువ చూపుతాయి, గిన్నె ఒరిగే ఆ క్షణంలో పడే నీళ్లు లెక్కలోకి రావు. స్లాబు దాటి కింది గదిలోకి సిగ్నల్ అందకపోతే అంకెలు చూపే తెర పెట్టెను మెట్ల గది దగ్గరికి మార్చండి, వాన గిన్నెను కదపకండి.

ప్లాస్టిక్ వర్షమాపకాన్ని తీసేయకండి. దాని అంకె పక్కన యంత్రం అంకె రాస్తూ పోండి. యంత్రం ఉన్నట్టుండి పదో వంతు కంటే ఎక్కువ తగ్గిందంటే మూత విప్పి చూడండి. చాలాసార్లు గిన్నెల మధ్య సాలీడు గూడు కట్టి ఉంటుంది.